రిహార్సల్‌లో ప్రాణం పోసుకున్న పాట స్టేజి మీద ఎందుకు చప్పబడుతోంది?

ప్రశ్న: నాలుగో తీగ

నమస్తే. మాది నలుగురి బ్యాండ్. నేను పాడతాను, గిటార్ వాయిస్తాను. మిగతా ముగ్గురివీ కీబోర్డు, బేస్, డ్రమ్స్. రెండేళ్లుగా కలిసి ఉన్నాం. వారానికి రెండు రిహార్సల్స్, మానకుండా. ఇప్పటికి పదకొండు ప్రోగ్రాములు ఇచ్చాం.

గదిలో వాయిస్తుంటే కొన్ని పాటలకు నాకే ఒళ్లు జలదరిస్తుంది. అవే పాటలు స్టేజి మీద వాయిస్తే పెద్ద తప్పులేమీ దొర్లవు కానీ ప్రాణం ఉండదు. పోయిన ప్రోగ్రాంలో మూడో పాట అయిపోగానే ముందు వరసలో వాళ్లు ఫోన్లు తీశారు. నాలుగోది మా పాటలన్నింటిలోకీ మంచిది. అది మొదలుపెట్టేసరికే హాల్లో కబుర్లు వినిపిస్తున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక స్నేహితురాలు తీసిన వీడియో చూశాను. మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య 1 నిమిషం 40 సెకన్లు పట్టింది. అంతసేపూ నేను వీపు తిప్పి గిటార్ శ్రుతి చేసుకుంటున్నాను. కీబోర్డు అబ్బాయి తరువాతి పాటకి కావలసిన సౌండ్ వెతుక్కుంటున్నాడు. డ్రమ్మర్ ఏదో దరువు సరదాగా వేసుకుంటున్నాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, వచ్చినవాళ్లతో అసలే లేదు.

ఇంకో సంగతి. రెండో పాటలో చరణం మాట ఒకటి మర్చిపోయాను. అక్కడి నుంచి పాట చివరిదాకా నా మొహం చూడలేకపోయాను వీడియోలో.

అందరూ ఇచ్చే సలహాలు రెండు. ‘ఎంజాయ్ చెయ్’, ‘కాస్త కదులు’. ఎలా కదలాలో ఎవరూ చెప్పరు. కావాలని కదిలితే నాకే అబద్ధంలా ఉంటుంది. వచ్చే ప్రోగ్రాంకి ఐదు వారాల టైముంది. 40 నిమిషాలు, 8 పాటలు. ఈ ఐదు వారాల్లో నిజంగా ఏం ప్రాక్టీస్ చేయాలి?

జవాబు: ఎడమచేతి దరువు

నేను డ్రమ్మర్‌ని. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రిహార్సల్ రికార్డింగునీ ప్రోగ్రాం వీడియోనీ పక్కపక్కన పెట్టి వేగం కొలవండి. ఫోన్లో దరువు తట్టి వేగం చూసే యాప్ చాలు. మా బ్యాండ్‌లో గదిలో నిమిషానికి 96 దరువులున్న పాట స్టేజి మీద 106కి పోయేది. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు సరైన వేగం కూడా నెమ్మదిగా అనిపిస్తుంది, అందుకని తెలియకుండానే తోసుకుంటూ పోతాం. పాడేవాళ్లకి ఊపిరి తీసుకునే చోటు పోతుంది, మాటలు ఇరుక్కుంటాయి. ‘ప్రాణం లేదు’ అని మీకు అనిపించినదాంట్లో సగం ఇదే కావచ్చు.

నేను చేసేది చెబుతాను. పాట మొదలుపెట్టడానికి లెక్క ఇచ్చే ముందు పల్లవి మొదటి లైను మనసులో ఒకసారి పూర్తిగా పాడుకుంటాను, మాటలతో సహా. అప్పుడే కర్రలు కలుపుతాను. పక్కన మెట్రోనోమ్, అంటే వేగం తప్పకుండా దరువు చూపే పరికరం, ఒకటి ఉంటుంది. చప్పుడు చేయదు, లైటు మాత్రం వెలుగుతుంది. పాటంతా దాన్ని చూడను, మొదటి నాలుగు దరువులకే.

పాటల మధ్యలో సరదా దరువులు వద్దని మీ డ్రమ్మర్‌కి నా మాటగా చెప్పండి. అది వినగానే ‘ఇంకా మొదలవలేదు, కబుర్లు చెప్పుకోవచ్చు’ అని హాలుకి చెప్పినట్టే.

జవాబు: పాత కీబోర్డు

నాలుగో తీగ గారూ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఆ 1 నిమిషం 40 సెకన్లు.

నేను పద్దెనిమిదేళ్లు కీబోర్డు వాయించాను. ఇప్పుడు ఆరేడేళ్లుగా, ప్రోగ్రాం దగ్గరపడిన బ్యాండ్లు పిలిస్తే వెళ్లి వాళ్ల రిహార్సల్‌లో కూర్చుంటున్నాను. చూడటం, చూసింది చెప్పడం నా పని. దాదాపు ప్రతిచోటా కనిపించేది ఇదే: పాటలు వందసార్లు వాయించి ఉంటారు, పాటకీ పాటకీ మధ్య జరిగేది ఒక్కసారి కూడా రిహార్సల్ చేసి ఉండరు. కింద కూర్చున్నవాళ్లకి ఆ తేడా లేదండీ. మీరు స్టేజి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వాళ్లు చూస్తూనే ఉంటారు. 8 పాటలంటే మధ్యలో 7 ఖాళీలు. ఒక్కోటీ నిమిషంన్నర అనుకుంటే పది నిమిషాలు దాటుతుంది. 40 నిమిషాల్లో నాలుగో వంతు రిహార్సల్ లేకుండా చేస్తున్నారన్నమాట.

ముందు ఒకటి అడుగుతాను. గదిలో మీరు నలుగురూ ఎలా నిలబడతారు? గుండ్రంగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, అవునా? నేను చూసిన బ్యాండ్లన్నీ అంతే. అక్కడ డ్రమ్మర్ చెయ్యి ఎత్తడం మీకు కనిపిస్తుంది, బేస్ అబ్బాయి తల ఊపడం కనిపిస్తుంది. పాట సగం ఆ చూపుల మీదే నిలబడి ఉంటుంది, మీకు తెలియదు. స్టేజి మీద అందరూ ఒకే వైపు తిరుగుతారు, డ్రమ్మర్ మీ వీపు వెనక్కి పోతాడు. ఆ చూపులన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. అందుకే గదిలో ఉన్న వేడి అక్కడ ఉండదు. ఈ వారం నుంచే గదిలో స్టేజి మీద ఉన్నట్టే నిలబడండి. నేల మీద టేపు అంటించి ఎవరి చోటు వాళ్లకి గుర్తు పెట్టండి, ఎదురు గోడని హాలు అనుకోండి. మొదటి రెండు రోజులు చాలా ఇబ్బందిగా ఉంటుంది, ముగింపులు కలవవు. ఆ ఇబ్బంది పడాల్సింది గదిలోనే. ఎక్కడెక్కడ తప్పనిసరిగా వెనక్కి తిరిగి డ్రమ్మర్‌ని చూడాలో అప్పుడే తేలుతుంది. అలాంటి చోట్లు పాటకి రెండో మూడో ఉంటాయి. అవి మీ మొదటి కదలికలు.

కదలిక గురించి మీరు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ‘కదులు’ అనడం సలహా కాదు. నేను వేరే మాట చెబుతాను: ఈ క్షణంలో పాట ఎవరి చేతిలో ఉంది? కీబోర్డు ఒంటరిగా వాయించే చోట మీరు కీబోర్డు వైపు తిరిగి నిజంగా వినండి. మీరు ఎటు చూస్తే హాలు అటు చూస్తుంది. మీరు అప్పుడు తల వంచి గిటార్ బిరడాలు తిప్పుకుంటుంటే హాలంతా మీ వేళ్లనే చూస్తుంది, ఆ అబ్బాయి వాయించింది గాలికి పోతుంది. ప్రతి పాటకీ ఒక కాగితం మీద రాసుకోండి, ఇక్కడ నా చేతిలో, ఇక్కడ బేస్ చేతిలో అని. ఒక పాటలో అసలు కదలకండి కూడా. చుట్టూ ఉన్న పాటల్లో కదలిక ఉంటే ఆ నిశ్చలత్వం చాలా బలంగా తగులుతుంది.

ఇక ఖాళీలు. ఇప్పుడున్న వరస ప్రకారం 8 పాటలూ రాసి, ప్రతి జంటకీ మధ్య ఎవరు ఏం మార్చుకోవాలో రాయండి. కేపో (గిటార్ మెడకి బిగించే క్లిప్పు), శ్రుతి మార్పు, కీబోర్డు సౌండు. గిటార్ శ్రుతి మారే పాటలు రెండుంటే వాటిని పక్కపక్కన పెడితే ఒక ఖాళీ మాయమవుతుంది. కీబోర్డు సౌండ్లన్నీ ప్రోగ్రాం వరసలోనే సేవ్ చేయించండి, ఒక బటన్ నొక్కితే తరువాతిది రావాలి. నొక్కితే సౌండ్ ఆగిపోయే పెడల్ ట్యూనర్ ఉంటే మీరు మొహం ఎదురుగానే ఉంచి, చప్పుడు లేకుండా శ్రుతి చేసుకోవచ్చు. వేడి లైట్ల కింద తీగ సాగి శ్రుతి దిగుతుంది కాబట్టి శ్రుతి చూసుకోవడం ఎలాగూ తప్పదు. ఆ ఇరవై సెకన్లు కీబోర్డు తరువాతి పాట స్వరాలు మెల్లగా పలికిస్తూ ఉంటే సరిపోతుంది.

మాటలు అన్ని ఖాళీల్లోనూ అక్కర్లేదు. ఏడింటిలో మూడు చాలు. ఆ మూడింటికీ మొదటి వాక్యం బట్టీ పట్టండి. మిగతాది అప్పటికప్పుడు వస్తుంది, రాకపోతే పాట మొదలుపెట్టేయండి. పాటకి అర్థం వివరించొద్దు. ఈ పాట ఎక్కడ పుట్టిందో ఒక చిన్న సంగతి చెప్పండి, చాలు. మైక్‌లో పాడేంత దగ్గరగానే ఉండి మాట్లాడండి. పాడేటప్పుడు మైక్ పెదాల దగ్గర పెట్టుకుని, మాట్లాడేటప్పుడు బారెడు దూరం జరిగేవాళ్లని చాలామందిని చూశాను. వెనక వరసలకి ఒక్క ముక్క వినపడదు.

పాట ముగింపు కూడా పాటేనండీ. ఇది మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. చివరి స్వరం మోగుతుండగానే చెయ్యి తీసేసి పక్కకి తిరిగిపోతారు చాలామంది. ఆ స్వరం పూర్తిగా ఆగేదాకా నలుగురూ అలాగే ఉండండి. తరువాత చప్పట్లు వస్తాయి. అవి పెరిగి, తగ్గడం మొదలయ్యేదాకా ఎదురుగా చూస్తూ అందుకోండి. ఇష్టంగా ఇచ్చినదాన్ని ఇష్టంగా తీసుకోవాలి. గదిలో ఇది కూడా చేయాలి, ఖాళీ గోడ ముందైనా సరే.

మర్చిపోవడం గురించి. బార్బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీలో పాట మాటలు మర్చిపోయారు. ఆ భయంతో చాలా ఏళ్లు పెద్ద కచేరీలకి దూరంగా ఉండి, 1994లో మళ్లీ పర్యటనకి వచ్చినప్పుడు మాటలు కనిపించే టెలిప్రాంప్టర్లు పెట్టుకున్నారు. అంతటి గాయనికి లేని సిగ్గు మీకెందుకు? కాళ్ల దగ్గర పెద్ద అక్షరాలతో ప్రతి చరణం మొదటి రెండు మాటలూ రాసి అంటించుకోండి. మరియా జోవో పిరెష్ అనే పియానిస్టు సంగతి ఇంకా గొప్పది. ఆమె ఒక మొజార్ట్ కాన్చెర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) అనుకుని వస్తే ఆర్కెస్ట్రా ఇంకొకటి మొదలుపెట్టింది. ఆ రికార్డింగ్‌లో ముందు ఆమె మొహం చూడాలి. కండక్టర్ రికార్డో షాయీ వాద్యబృందాన్ని ఆపకుండానే, నవ్వుతూ, మీకు వచ్చుగా అని ధైర్యం చెబుతాడు. ఆమె జ్ఞాపకం మీదే వాయించేసింది. నేను దాన్ని చూసి నేర్చుకున్నది ఒకటి: తడబడినవాళ్లకి పక్కవాళ్ల మొహమే దిక్కు. మీరు మాట మర్చిపోయినప్పుడు మిగతా ముగ్గురూ ఎటు చూస్తున్నారో వీడియోలో మళ్లీ చూడండి.

అందుకని తప్పుల్ని కూడా రిహార్సల్ చేయండి. రిహార్సల్‌లో ఒక రోజు ఎవరో ఒకరు చెప్పకుండా ఒక లైను వదిలేయాలి. ఎవరు దారి తప్పినా డ్రమ్మర్ సైగతో అందరూ పల్లవికి రావాలని ముందే అనుకోండి. నేను కూర్చున్న ఒక బ్యాండ్‌లో పాడే అమ్మాయి ప్రతి చిన్న పొరపాటుకీ మైక్‌లో ‘సారీ’ అనేది. ఎవరికీ తెలియని తప్పుని తనే అందరికీ చూపించేది. ఆ ఒక్క అలవాటు మానడానికి మూడు వారాలు పట్టింది. మానాక ఆమె గొంతే మారింది, నేను విన్నాను.

చివరిగా, వారానికి ఒకసారి 40 నిమిషాలూ ఆపకుండా చేసి వీడియో తీయండి. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. ఎక్కడ మీకే బోర్ కొడుతుందో అక్కడ పని ఉంది.

నాలుగో తీగ

ఇంత రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు పాత కీబోర్డు గారూ. దరువు గారూ, కొలిచాను. మూడో పాట 88 నుంచి 97కి పోయింది.

ఆదివారం గోడ వైపు నిలబడి వాయించాం. నాలుగో పాట ముగింపు ఐదుసార్లు కూలిపోయింది. అది కళ్లతో కుదిరిన ముగింపని అప్పుడే మాకు తెలిసింది. సౌండ్ తీసేసి వీడియో కూడా చూశాం. నలుగురం నాలుగు వేర్వేరు గదుల్లో ఉన్నట్టున్నాం.

ఒక్కటి మిగిలింది. స్టేజి మీద నా గొంతు నాకు వినపడదు. వినపడటం లేదని గట్టిగా పాడతాను, మూడో పాటకే గొంతు అలిసిపోతుంది. మానిటర్ (మా వైపు తిప్పి పెట్టే స్పీకర్) పెంచమంటే కీచుమని కూత మొదలవుతుంది. టెన్షన్‌కి సగం కారణం ఇదే.

జవాబు: మిక్సర్ వెనక

సౌండ్ చేసేవాడిగా ఈ మాట ప్రతి ప్రోగ్రాంలోనూ వింటాను, పరిష్కారం కూడా ఉంది. మీ మైక్ కార్డియాయిడ్ రకమా, సూపర్ కార్డియాయిడ్ రకమా కనుక్కోండి. కార్డియాయిడ్ మైక్ సరిగ్గా తన వెనక వైపు తక్కువ వింటుంది కాబట్టి మానిటర్ మీకు ఎదురుగా, మైక్ తోక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ వెనక నుంచి కొంచెం వింటుంది. అది తక్కువ వినేది సుమారు 125 డిగ్రీల దగ్గర, అంటే వెనక పక్కల్లో. దానికి మానిటర్ నేరుగా కాకుండా పక్కకి జరగాలి. చాలా కూతలు ఈ ఒక్క మార్పుతో పోతాయి. మైక్ గుండుని అరచేత్తో మూయకండి. మూస్తే వెనక శబ్దాన్ని వదిలేసే గుణం పోయి అన్ని వైపులా వింటుంది.

రెండోది, మానిటర్‌లో మీ గొంతు పెంచమని అడిగే ముందు మిగతావి తగ్గించమని అడగండి. బేసూ డ్రమ్సూ అందులో మీకు దాదాపు అక్కర్లేదు, ఎలాగూ పక్కనే ఉన్నాయి. గిటార్ ఆంప్లిఫయర్ మోకాళ్ల వైపు కాకుండా చెవి వైపు ఎత్తి పెట్టుకుంటే దాన్నీ తగ్గించుకోవచ్చు.

గట్టి శబ్దం దగ్గర జాగ్రత్త. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలే ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగం. 100 దగ్గర 15 నిమిషాలే. గది రిహార్సల్స్‌కి కూడా ఇది వర్తిస్తుంది.

స్టేజి పెద్దదైతే ఇంకో విషయం. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. డ్రమ్స్‌కి పది మీటర్ల దూరంలో నిలబడితే దరువు మీకు సుమారు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, చేతుల్లో తేడా తెలిసిపోతుంది. స్టేజి ఎంత పెద్దదిచ్చినా మీ నలుగురూ దగ్గరగానే నిలబడండి. సౌండ్ చెక్‌లో హాలు ఖాళీగా ఉంటుంది, శబ్దం మోగుతుంది. జనం నిండాక మనుషులూ బట్టలూ ఆ మోతని పీల్చేస్తాయి. మొదటి పాటలో అంతా పొడిగా వినిపిస్తే కంగారు పడకండి, గట్టిగా పాడొద్దు. ఒకటిన్నర నిమిషంలో మేం సరిచేస్తాం.

జవాబు: పాత కీబోర్డు

మిక్సర్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. సౌండ్ చెక్‌లో మీకిష్టమైన పాట పాడకండి. మొదటి పాట మొదటి అర నిమిషం, తరువాత గట్టిగా పాడాల్సిన చోటు, అంతే.

టెన్షన్ సంగతికి వస్తే, 2014లో హార్వర్డ్‌కి చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగం ఉంది. పాడబోయే ముందు కొందరితో ‘నాకు ఆందోళనగా ఉంది’ అనిపించారు, కొందరితో ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనిపించారు. రెండో గుంపు ఎక్కువ సరిగ్గా పాడింది. గుండె దడని అణచాలని చూడకండి, దానికి పేరు మార్చండి. స్టేజి ఎక్కే ముందు మీ నలుగురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఆ మాట పైకే అనండి.

నాలుగో తీగ

నిన్న ప్రోగ్రాం అయింది. వీడియో ఇప్పుడే చూశాను. అన్నింటికంటే పెద్ద ఖాళీ 28 సెకన్లు, అందులోనూ కీబోర్డు మోగుతూనే ఉంది. మైక్ సూపర్ కార్డియాయిడే. మానిటర్ పక్కకి జరిపించాను, నా గొంతు నాకు వినపడింది. ఎనిమిదో పాటకి కూడా గొంతు మిగిలి ఉంది.

ఆరో పాటలో గిటార్ కేబుల్ పోయింది. సౌండ్ ఒక్కసారిగా ఆగిపోయింది. రిహార్సల్‌లో దీన్ని మేం చేయలేదు. నేను వెనక్కి తిరిగేసరికి బేస్ అబ్బాయి నా వైపే చూస్తున్నాడు. తల ఊపి పల్లవి బేస్ మీద తిప్పుతూనే ఉన్నాడు, డ్రమ్స్ మెల్లగా తగ్గాయి. గిటార్ పక్కన పెట్టేసి మైక్ చేత్తో తీసుకుని చివరి చరణం అలాగే పాడాను. ఆ చరణం మొదటి మాట నా కాళ్ల దగ్గర రాసి ఉంది, చూడాల్సిన అవసరం రాలేదు. పాట ఆగాక చివరి స్వరం పోయేదాకా నలుగురం అలాగే నిలబడ్డాం.

మూడో పాట మాత్రం ఇంకా 92లో ఉంది. దరువు గారూ, ఆ లైటు మెట్రోనోమ్ డ్రమ్మర్‌కి కనిపించేలా ఎక్కడ పెడతారు మీరు? మా అబ్బాయి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) పక్కన పెడితే కర్ర తగిలి రెండుసార్లు కింద పడింది.